నీళ్లు కలిపిన రోజు

మొన్న మొఘల్‌పురాలో ఒక పెళ్లి విందులో నా పక్కన కూర్చున్న పెద్దాయనకు నీళ్లు తాగుతుంటే పొలమారింది. కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా దగ్గాడు. చుట్టూ ఉన్నవాళ్లు అందరూ చేసేదే చేశారు. ఒకాయన నడినెత్తిన తట్టాడు. ఇంకొకాయన "ఎవరో యాది చేస్తున్నరు" అన్నాడు. నేను మాత్రం నాకు తెలియకుండానే "గడ్డం దించండి, గడ్డం దించి మింగండి" అన్నాను. ఆయన దగ్గు ఆపుకుని నా వైపు చూశాడు.

"డాక్టర్ సాబా మీరు?"

కాదన్నాను. మా గల్లీలో పాలమ్మే ఆమె దగ్గర నేర్చుకున్నానని చెబితే, ఆ కథ అయ్యేసరికి విస్తట్లో అన్నం చల్లారిపోతుందని ఊరుకున్నాను.

ఆమె పోయి ఏడాది కావస్తోంది. హుస్సేనీ ఆలంలో మేముండే గల్లీ మలుపులో ఆమె దుకాణం. తెలుగువాళ్లకు పాలక్క, ఉర్దూ మాట్లాడేవాళ్లకు దూద్‌వాలీ అమ్మా. అసలు పేరుతో ఆమెను ఎవరూ పిలవగా నేను వినలేదు కాబట్టి ఇక్కడా ఆ పేరు వద్దు. ఎత్తు పీట మీద కూర్చుని, ఎడమ బుగ్గలో పాన్ అదిమిపెట్టి, కుడివైపు నుంచి మాట్లాడేది. ఆ కుడివైపు నోటికి విశ్రాంతి ఉండేది కాదు. పాలు పోస్తూనే ఒకరి కూతురి సంబంధం సంగతి, ఇంకొకరి మోకాలి నొప్పి సంగతి, మూడో మనిషి నిన్న రాకపోవడం సంగతి మాట్లాడేది. ఏ మాట ఎవరితో ఆపిందో మరుసటి రోజు అక్కడే అందుకునేది.

పాలవాళ్లందరికీ తప్పని మాట ఆమెకూ తప్పలేదు. "ఇయ్యాల నీళ్లెన్ని పోసినవక్కా?" అని గిన్నె చాపేవాళ్లు. "మీ ఇంట్ల నల్లా వచ్చిందా? మాకు రాలే. ఇగ నీళ్లెక్కడియి?" అనేది. నల్లా వచ్చిన రోజైతే ఇంకో జవాబు. నిజంగా కలిపేదా అంటే, నాకు తెలియదు. పత్రికలో పనిచేస్తూ చాలా సంగతులు కూపీ లాగాను గానీ ఆ ఒక్కదాని జోలికి పోలేదు. రోజూ నాకు పాలు పోసేది ఆమే.

ఈ నింద చుట్టూ మా గల్లీలో ఒక ఆచారం కూడా పెరిగింది. మొహర్రం నెల మొదలవగానే మలుపులో సబీల్ పెడతారు. దాహం వేసినవాళ్లకు నీళ్లు, షర్బత్ ఉచితంగా పోసే పందిరి అది. మొదటి రోజు పోసేది పాల షర్బత్. ఆ పాలు మాత్రం పాలక్క ఇంటివే. ఆమె అత్తగారి కాలంలో ఎవరో "ఈ పాలల్ల నీళ్లున్నయి" అన్నారట. అత్తగారు అక్కడికక్కడే మొదటి గ్లాసు అందుకుని, అందరూ చూస్తుండగా ఒక్క ఊపున తాగి, గ్లాసు బోర్లించి చూపిందట. అప్పటి నుంచి పాలు పోసిన మనిషి మొదటి గ్లాసు తాగితే గానీ మిగతావాళ్లకు షర్బత్ దక్కదు. సబీల్ చూసుకునేది ఒక ముసలి దర్జీ. గల్లీకంతా చాచా. ఆయన నల్ల చొక్కా వేసుకుని, మొహం ఏమాత్రం సడలనీయకుండా, నీళ్లెన్ని కలిపావని ఏటా అదే ప్రశ్న అడిగేవాడు.

"పానీ కిత్తా మిలాయే, అమ్మా?"

పాలక్క తాగి, గ్లాసు బోర్లించి, "బొట్టు లేదు" అనేది. శోకదినాలు కాబట్టి ఎవరూ పైకి నవ్వేవాళ్లు కాదు. తల తిప్పుకునేవాళ్లు.

ఆమె ఎడమ బుగ్గలో, పాన్ పెట్టుకునే చోటే, పుండు లేచింది. చాన్నాళ్లు దాన్ని పంటి గాటు అంది. డాక్టర్లు చూసేసరికి అది దవడ ఎముకలోకి దిగింది. ఎడమవైపు కింది దవడ, బుగ్గ తీసేశారు. కాలిలోంచి ఒక ఎముక తెచ్చి దవడ చేశారు. ఆ కాలి తోలే తెచ్చి చెంప చేశారు. ఆపరేషన్ అయ్యాక చూడ్డానికి వెళ్తే ముక్కులో గొట్టం, మెడకు ఇంకో గొట్టం, మొహం గుర్తుపట్టలేనంత వాపు. మాట లేదు. నన్ను చూసి చెయ్యెత్తి, గాలిలో గిన్నెలోకి పాలు వంచినట్టు చేసి, వేళ్లు విప్పి ప్రశ్నించింది. దుకాణంలో ఎవరు పోస్తున్నారని. కోడలు పోస్తోందని చెప్పాను. కళ్లు మూసుకుంది.

ఇంటికి వచ్చాక మాట మెల్లగా తిరిగి వచ్చింది, అదీ ముద్దముద్దగా. ఆమె మొదట వాడుకున్న మాటల్లో ఇదొకటి.

"కాలు బొక్క తెచ్చి నోట్లె పెట్టిన్రు సారూ. నోరు మస్తు నడుస్తదని అందరు అంటుండిరి గద. ఇగ నిజంగనే నడుస్తది."

సగం చెంప ఒక రంగు, సగం ఇంకో రంగు. ఎడమవైపు పెదవికి స్పర్శ లేదు. చొంగ కారినా ఆమెకు తెలిసేది కాదు. ఇంకొకరైతే కొంగు కప్పుకుని లోపల కూర్చునేవాళ్లు. ఈమె మళ్లీ ఎత్తు పీట ఎక్కింది. గిన్నె చాపిన ప్రతి మనిషినీ "నా మూతి సూడు, కారుతున్నదా?" అని అడిగేది. మొదట్లో జనం కంగారుపడి "లేదక్కా" అనేవాళ్లు. "అబద్ధం జెప్పకు, పాలల్ల పడ్తది" అనేది. కొన్నాళ్లకు అందరికీ అలవాటైంది. "పాలక్కా, ఎడమ దిక్కు" అని ఒక మాట అనేసి, గిన్నె పట్టుకుని పోయేవాళ్లు.

అసలు కష్టం మింగడం. ఆకలి తీర్చేది ముక్కు గొట్టమే. ఆసుపత్రిలో మింగడం నేర్పడానికి ఒక అమ్మాయి ఉండేది. కోస్తా వైపు మనిషి. పాలక్క ఆమెను మింగుడు టీచరమ్మ అనేది. ఒకసారి కోడలికి దుకాణం వదలడం కుదరక నేను వెంట వెళ్లాను. ఆ రోజు ఏదో తెల్లటి మందు చెంచాతో పట్టి, అది గొంతులో ఎటు పోతుందో ఎక్స్‌రేలో సినిమాలా చూపిస్తున్నారు. మందు చూడగానే పాలక్క, "గీ పాలు ఎవరు పోసిన్రు?" అని అడిగింది. మింగాక తెర మీద అది నల్లటి చారలా కనబడింది.

"తెల్లగ తాగితిని, నల్లగ వోతున్నదేంది? మస్తు కల్తీ ఉన్నది."

టీచరమ్మ నవ్వింది గానీ కళ్లు తెర మీదే ఉన్నాయి. చిక్కటి మందు అయిపోయి, నీళ్లలాంటి పల్చటి మందు ఇచ్చినప్పుడు ఆ నల్లటి చార రెండుగా చీలింది. ఒకటి సన్నగా ముందుకు జారింది.

"చూశారా అమ్మా, అది ఊపిరితిత్తుల దారి. తప్పిపోయింది. మీకు దగ్గు కూడా రాలేదు. నాకు భయం అదే."

పాలక్క తెర వైపు వంగి చూసింది. "నా గొంతుల ఏం వోతున్నదో నాకే తెల్వకుంటనా?" అంది. ఆమె గొంతు అంత చిన్నదవడం నేను అప్పుడే విన్నాను.

"నేర్చుకుంటారు. ముందు చిక్కటివి. జావ, గట్టి పెరుగు లాంటివి. అవి నిదానంగా దిగుతాయి, గొంతుకు తలుపు వేసుకునే టైం ఉంటుంది. నీళ్లు అలా ఆగవు. అన్నిటికంటే కష్టం నీళ్లే. అందాకా నీళ్లలో ఈ పొడి కలిపి చిక్కగా చేసుకుని తాగండి."

పాలక్క ఆ పొడి డబ్బాను తిప్పి తిప్పి చూసింది.

"ఇన్నేండ్లు పాలల్ల నీళ్లు కలిపిననని తిట్టిన్రు. ఇగ నీళ్లల్ల పొడి కలుపుకొని తాగాలెనా? పైనున్నోడు మంచిగనే యాది పెట్టుకుండు సారూ."

తిరిగి వస్తుంటే ఆటోలో ఆ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పురానాపూల్ దాటాక ఒక్కసారి నా చెయ్యి మీద తట్టింది.

"మొహర్రం వరకు నీళ్లు తాగాలె. గా గిలాస నేను తాగకుంటే ఆ ముసలోడు నిజంగనే నీళ్లున్నయనుకుంటడు."

నవ్వించడానికే అంది. కానీ ఆ తర్వాత ఆ మాట మరిచిపోలేదు.

గల్లీ ఆమెను బాగుచేయడానికి పూనుకోవడం ఇంకో కష్టం. రోగికి ఏమిస్తారు? పల్చటివే ఇస్తారు. కొబ్బరినీళ్లు, బత్తాయి రసం, మజ్జిగ తేట, యఖ్నీ అనే మాంసపు చారు. అన్నీ ఆమెకు విషంతో సమానమైనవి. ప్రేమగా తెచ్చిన ప్రతి గ్లాసుకూ ఆమె వేలెత్తి బయటి దారి చూపించేది. "జూసు దెచ్చినవా? నన్ను సంపుతవా? నీకు నేనేం జేసిన్నే?" అని అరిచేది. మనుషులు నొచ్చుకునేవాళ్లు. చివరికి చాచాయే టేపు మెడలో వేసుకుని వచ్చి, కోడలిని కూర్చోబెట్టి సంగతంతా అడిగి తెలుసుకున్నాడు. పల్చటిది ప్రమాదం, చిక్కటిది మంచిది. ఆ మాట పట్టుకుని గల్లీ మొత్తం తిరిగాడు. "గాఢా దేవ్, గాఢా! పత్‌లా నక్కో!" అని ప్రతి గుమ్మం దగ్గరా చెప్పాడు. బార్కస్ నుంచి, గోధుమలు మాంసంతో కలిపి ఉడికించి మెదిపిన మెత్తటి హరీస్ తెప్పించాడు. పాలక్క ఒక చెంచా నోట్లో వేసుకుని, గడ్డం దించి, కళ్లు మూసుకుని, ఎంతోసేపటికి మింగింది. ఆపరేషన్ తర్వాత నోటితో తిన్న మొదటి తిండి అది.

"ఎట్లుంది అక్కా?" అని అడిగాను.

"మస్తు పని ఉన్నది దీనికి. గోధుమ ఏసినోడు గింత కష్టపడిండో లేదో" అంది.

అప్పటి నుంచి దుకాణంలో మధ్యాహ్నం పూట ఆమె సాధన చేసేది. చెంచాతో చిక్కటి నీళ్లు నోట్లో వేసుకోవాలి. ఊపిరి బిగబట్టాలి. గడ్డం రొమ్ముకు ఆనించాలి. మింగాలి, మళ్లీ మింగాలి, దగ్గాలి. ఆఖరున "ఆ" అనాలి. ఆ "ఆ" చాలా ముఖ్యమని టీచరమ్మ చెప్పింది. గొంతు గురగురమని తడిగా పలికితే దారి తప్పినట్టు. పొడిగా పలికితే చేరవలసిన చోటికి చేరినట్టు. పాలక్కకు లోపల తెలియదు కాబట్టి పక్కనున్నవాళ్లు వినాలి. కోడలు వినేది. కొత్త పెళ్లికూతురుగా వచ్చినప్పుడు అత్త మాటకు అదిరిపడే పిల్ల, ఇప్పుడు పాలు కొలవడం కూడా ఆపి "ఇంకోపారి అను అత్తా" అనేది. అత్త బుద్ధిగా అనేది.

దారిన పోయేవాళ్లకు ఇదంతా తెలియదు. పాలక్క గడ్డం దించినప్పుడల్లా తమకే సలాం చేసిందనుకుని కొందరు చెయ్యెత్తి "ఆదాబ్ అమ్మా" అనేవాళ్లు. నోట్లో నీళ్లుండేవి, నవ్వితే ప్రమాదం. ఆమె మొహం ఎర్రబడేది. మింగి, దగ్గి, "ఆ" అని, అప్పుడు తిట్టేది. ఆ లోపు వాళ్లు మలుపు తిరిగిపోయేవాళ్లు.

పొలమారడాన్ని ఆమె పొరబోవుడు అనేది. పొరబోయినప్పుడల్లా ఎవరో ఒకరు "ఎవలో యాది చేస్తున్నరక్కా" అనేవాళ్లు. ఒకరోజు విసిగి అంది.

"యాది జేసెటోళ్లందరికి చెప్పున్రి, రెండు నెల్లు బందు పెట్టమని. నన్ను నీళ్లు తాగనియ్యిన్రి."

మధ్యలో ఒక్కసారి ఆ జాగ్రత్త తప్పింది. ముక్కు గొట్టం తీసేసిన కొత్తలో, కోడలు లేని సమయంలో, హోటల్ మనిషి పక్క దుకాణాలకు చాయ్ ఇస్తూ పాత అలవాటు కొద్దీ ఆమె ముందూ ఒక కప్పు పెట్టాడు. ఆమె పాత అలవాటు కొద్దీ సాసర్లో పోసుకుంది. తర్వాత నాకు చెప్పింది: "వాసన గట్ల కొట్టింది సారూ, చెయ్యి దానంతటదే పోయింది." దగ్గు రాలేదు. ఏమీ కాలేదనుకుంది. జ్వరం వచ్చి, ఊపిరితిత్తులకు నిమ్ము చేసి, మళ్లీ ఆసుపత్రి, మళ్లీ ముక్కులో గొట్టం. ఇంకోసారి ఇలా అయితే తట్టుకోవడం కష్టమని పెద్ద డాక్టర్ కోడలికి చెప్పాడు. ఆ పిల్ల ఆ మాట గల్లీలో నాతో, చాచాతో తప్ప ఎవరితోనూ అనలేదు.

పాలక్క మళ్లీ చిక్కటి చెంచా దగ్గర మొదలుపెట్టింది. విసుక్కుంది గానీ మానలేదు. నేను ఎందరో పట్టుదల గల మనుషుల గురించి రాశాను. పట్టుదల అనే మాటను అంతకాలం తేలిగ్గా వాడానని ఆమెను చూశాక అనిపించింది. మనం ఆలోచించకుండా రోజంతా చేసే పనిని ఆమె ప్రతిసారీ కొత్తగా, జాగ్రత్తగా, మొదటి నుంచి చివరి దాకా చేసేది.

మొహర్రం దగ్గర పడేసరికి గొట్టం పోయింది. మళ్లీ ఎక్స్‌రే సినిమా చూసి టీచరమ్మ పల్చటి నీళ్లకు ఒప్పుకుంది. ఒప్పుకోవడం కూడా షరతులతోనే. చిన్న గుక్కలు. నిశ్శబ్దంగా ఉన్నచోట. ఎవరితోనూ మాట్లాడకుండా. ఈ కబురు ఇల్లు దాటలేదు. సబీల్ దగ్గరే చెబుదామని పాలక్క ఉద్దేశం.

మొదటి రోజు సాయంత్రం పందిరి కింద జనం. కోడలు పొద్దుటే పాలు పంపేసింది. మంచుగడ్డలు వేసిన పెద్ద డేగిసా ముందు చాచా నల్ల చొక్కాతో నిలబడ్డాడు. పాలక్క కర్ర పట్టుకుని, ఎముక తీసిన కాలు కొంచెం ఈడ్చుకుంటూ వచ్చింది. చాచా ఆమె వైపు చూడకుండా, ఈ ఏడు కోడలు తాగినా ఒకటేనన్నాడు.

"బహూ పీలేగీ ఈ సాల్. ఏక్ హీ బాత్ హై."

"ఒకటే ఎట్లయితది?" అంది పాలక్క. "దుకాణం నాది, నింద నాది. గిలాస ఇటియ్యి."

కోడలు "అత్తా, ఇంట్ల తాగుదువు" అని గొణిగింది. పాలక్క వినలేదు. చాచా గ్లాసు నింపి ఇచ్చాడు. ఆ ఏడు ఆయన ఏటా అడిగే ప్రశ్న అడగలేదు. జనం కూడా మాట్లాడటం ఆపేశారు. టీచరమ్మ చెప్పిన నిశ్శబ్దం పందిరి కింద దానంతటదే ఏర్పడింది.

పాలక్క గ్లాసు పెదవికి ఆనించి వంచింది. ఏమీ రాలేదు. ఇంకాస్త వంచింది. షర్బత్ అంచు దాకా వచ్చి ఆగింది. ఆమె గ్లాసు దించి, లోపలికి చూసి, వేలు ముంచి తీసింది. వేలికి పాయసంలా అంటుకుని ఉంది.

"చాచా, గిదేంది?"

"షర్బత్."

"గిది షర్బతా? పాయసమా?"

"బాదాం జ్యాదా పడ్ గయే" అన్నాడు చాచా, డేగిసా వైపు చూస్తూ. నాకప్పుడు అర్థమైంది. పాలు సగానికి మరగ్గాచి, బాదం, గసాలు రుబ్బి పోసి, ఖోవా కూడా వేసి, ఆమె ఒక్క గుక్క కోసం గల్లీ అంతటికీ సరిపడే షర్బత్‌ను ఆయన చిక్కగా చేశాడు. గాఢా దేవ్ అని తాను చెప్పిన మాటను తానే అందరికంటే బాగా పాటించాడు.

పాలక్క ఆయన్ను చూసింది. కొత్త చెంప కదలదు గనక ఆమె మొహం సగమే మారింది. ఆ సగం చాలు.

"ఇన్నేండ్లు నా పాలల్ల నీళ్లున్నయంటివి. ఇయ్యాల నీ షర్బత్‌ల సుక్క నీళ్లు లేవు. నా దుకాణం ఇజ్జత్ ఏమైతది?" అంది. తర్వాత కర్ర కోడలికి ఇచ్చి, పక్కనున్న కూజా వైపు చెయ్యి చాపింది. "నీళ్లియ్యి."

ఎవరూ కదలలేదు. ఆమే వంగి కూజా ఎత్తింది. గ్లాసులోని షర్బత్‌లో సగానికి పైగా పక్కనున్న ఖాళీ గ్లాసులోకి ఒంపేసింది. కూజా ఎత్తి పట్టుకుని చుట్టూ చూసింది.

"అందరు సూడున్రి. మల్ల సూడలేదనకున్రి. కలుపుతున్న."

గ్లాసులోకి నీళ్లు పోసింది. వేలితో కలిపింది. ఒక గుక్క తీసుకుంది. ఊపిరి బిగబట్టింది. గడ్డం రొమ్ముకు ఆనింది. మెడ మీద కుట్ల గీత ఒకసారి పైకి లేచి దిగింది. మళ్లీ లేచి దిగింది. చిన్నగా దగ్గింది. తల ఎత్తలేదు. ఇంకో గుక్క. అదే వరస, ఒక్కటీ వదలకుండా. అలా గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగింది. ఎంతసేపు పట్టిందో గానీ, షర్బత్ కోసం వచ్చిన జనంలో ఒక్కరూ తొందరపడలేదు.

గ్లాసు బోర్లించింది. ఒక చుక్క నేల మీద పడింది.

చాచా గొంతు సవరించుకున్నాడు. మొహం సడలనీయకుండా, పాత మాటనే అడిగాడు.

"పానీ కిత్తా మిలాయే, అమ్మా?"

పాలక్క తల ఎత్తింది.

"సగం!"

పందిరి కింద తలలన్నీ పక్కకు తిరిగాయి. చాచా టోపీ సర్దుకునే వంకతో మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. కోడలు మాత్రం తల తిప్పుకోలేదు. అత్త నోటికి దగ్గరగా చెవి పెట్టి నిలబడింది.

"ఇంకోపారి అను అత్తా" అంది.

"సగం" అంది పాలక్క, ఈసారి ఆమెకొక్కదానికే.

గొంతు పొడిగా ఉంది.